బూటు కొనేముందు లోపల చెయ్యి పెట్టండి

పోయిన మాఘమాసంలో మా మేనల్లుడి పెళ్లి. పెళ్లికి వారం ముందు ఒక డబ్బా చంకలో పెట్టుకొని మా ఇంటికొచ్చాడు. "మామా, ఒకసారి చూసి చెప్పు. చేత్తో కుట్టినవంట. పద్దెనిమిది వేలు" అన్నాడు. మూత తీశాను. ముదురు గోధుమరంగు జోడు, ముఖం చూసుకోవచ్చు అన్నంత మెరుపు. ఎడమ బూటు తీసి ముందు లోపల చెయ్యి పెట్టాను. తర్వాత తిరగేసి అట్ట, అంటే అడుగున ఉండే సోల్, చూశాను. అట్ట అంచు చుట్టూ తెల్లటి కుట్టు చక్కగా కనబడుతోంది. గోటితో ఒక కుట్టును గీకి చూశాను. దారం కదల్లేదు, పోగు లేవలేదు. అది దారమే కాదు. రబ్బరు పట్టీ మీద కుట్టు ఆకారం పోతపోసి, పైన తెల్లరంగు అద్దారు. అట్ట మొత్తం జిగురుతో అంటించింది.

వాడికి నిజమే చెప్పాను. పెళ్లి వారంలో ఉంది, ఇంకో జోడు చేయించే వ్యవధి లేదు, వాటితోనే కానిచ్చాడు. ఉగాది నాటికి ఎడమ బూటు ముందుభాగంలో అట్ట నోరు తెరిచింది. షాపు వాళ్లు జిగురు పెట్టి ఇచ్చారు, మళ్లీ తెరిచింది. పద్దెనిమిది వేలు ఆ పిల్లవాడికి నెల జీతంలో సగం. వాడికి చూడాల్సింది ఎవరూ నేర్పలేదు, అందుకే మోసపోయాడు. ఆ నేర్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను తమిళనాడులోని ఆంబూరులో ఎగుమతి బూట్ల ఫ్యాక్టరీలో 27 ఏళ్లు పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్లు క్లిక్కింగులో, అంటే తోలు కోసే చోట. మిగతా కాలమంతా తయారైన జోడును చేతిలోకి తీసుకొని ఇది ఎగుమతికి పోతుంది, ఇది పోదు అని చెప్పే ఉద్యోగం. మాది కుప్పం దగ్గర పల్లె. అక్కణ్ణుంచి జోలార్‌పేట, వాణియంబాడి దాటి ఆంబూరు దాకా రైలు మార్గమంతా తోలు వాసనే. మా నాయన చెప్పులు కుట్టేవాడు. మా తాత కాలంలో ఊరి లందలో తంగేడు చెక్కతో తోళ్లు పదునుపెట్టేవారు. ఆ తంగేడు చెక్క తోళ్లే మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి లండన్ సంతకు పోయేవి. ఇంగ్లీషు బూట్ల కథలో మన అడవి చెట్టు బెరడుకు కూడా వాటా ఉంది. తంగేడు అంటే ఇప్పుడు బతుకమ్మ పువ్వుగానే అందరికీ గుర్తు. మా ఇంట్లో మాత్రం ఆ పేరు చెప్తే తోలు వాసన గుర్తొస్తుంది.

"చేత్తో చేసింది" అన్న మాట సంగతి

ఈ మాటకు అమ్మేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్తారు. తోలును చేత్తో కోసి మిగతాదంతా మిషను మీద చేసినా చేతి పనే అంటారు. చివర్లో చేత్తో రంగు రుద్దినా చేతి పనే. కాబట్టి ఆ మాట వినగానే మూడు ప్రశ్నలు అడగండి. తోలు ఎవరు కోశారు, కత్తితోనా, డై అనే అచ్చుకత్తితోనా? పైతోలును లాస్టు మీదికి చేత్తో లాగారా, మిషనుతోనా? వెల్ట్‌ను ఇన్‌సోల్‌కు ఎలా కుట్టారు? మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చేవాడి దగ్గరే మిగతా మాటలు వినండి.

లాస్టు అంటే బూటును ఎక్కించి చేసే పాదం ఆకారపు అచ్చు. పూర్వం బీచ్, హార్న్‌బీమ్ లాంటి గట్టి కలపతో చెక్కేవారు, ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ప్లాస్టిక్. వెల్ట్ అంటే బూటు చుట్టూ అంచున తిరిగే సన్నటి తోలు పట్టీ. పైతోలు, అరికాలి కింద లోపల ఉండే ఇన్‌సోల్, ఈ పట్టీ, మూడూ కలిపి ఒక కుట్టు. ఆ పట్టీకీ కింది అట్టకూ ఇంకో కుట్టు. అట్ట అరిగితే రెండో కుట్టు విప్పి కొత్త అట్ట వేయొచ్చు, పైభాగాన్ని ముట్టుకోనక్కర్లేదు. మంచి జోడు ఏళ్లకేళ్లు బతికేది ఈ ఏర్పాటు వల్లే.

చేతి వెల్ట్ అయితే ఇన్‌సోల్ మందపాటి తోలు. దాని అడుగువైపు కత్తితో ఒక గట్టు తీసి, ఆ గట్టుకు ఆరెతో బెజ్జం వేసి, మైనం పట్టించిన నారదారాన్ని రెండువైపుల నుంచీ ఒకే బెజ్జంలో దూర్చి లాగుతారు. ఈ వెల్ట్‌ను మిషనుతో కుట్టే గుడ్‌ఇయర్ పద్ధతి 1870ల్లో అమెరికాలో వచ్చింది. రబ్బరును గట్టిపరచే విద్య కనిపెట్టిన గుడ్‌ఇయర్ కొడుకు పేరు మీద నిలిచింది. ఇప్పుడు ఆ పద్ధతిలో మామూలుగా తోలులో గట్టు తియ్యరు, ఇన్‌సోల్ అడుగున గుడ్డపట్టీ అంటించి దానికి మిషనుతో కుడతారు. బలహీనత ఆ అంటింపులోనే ఉంది. ఏళ్లు గడిచి, చెమట తగిలి, రెండు మూడుసార్లు అట్ట మార్చాక అక్కడక్కడ ఊడుతుంది. అయినా గుడ్‌ఇయర్ అనగానే ముఖం తిప్పుకోవద్దు. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో 1829 నాటి ట్రికర్స్, 1873 నాటి చర్చెస్, 1879 నాటి క్రాకెట్ అండ్ జోన్స్ పేరు తెచ్చుకున్నది గుడ్‌ఇయర్ బూట్లతోనే. నేను ఒప్పుకోనిది ఒకటే, గుడ్‌ఇయర్ జోడును చేతి వెల్ట్ ధరకు, చేతి వెల్ట్ పేరుతో అమ్మడం.

2006లో మా ఫ్యాక్టరీ నన్ను మూడు వారాలు నార్తాంప్టన్ పంపింది. అక్కడ ఒక ముసలాయన కిటికీ పక్కన కూర్చొని, బూటును ఒళ్లో పెట్టుకొని, తోలు పటకాతో తొడకు బిగించి వెల్ట్ కుడుతున్నాడు. దారం రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకొని ఒక్కసారిగా రెండు చేతులూ బార్లా చాపి లాగాడు. మళ్లీ ఆరె, మళ్లీ బెజ్జం, మళ్లీ బార్లా చాపడం. మా నాయన గుడిసె ముందు కూర్చొని చెప్పు కుట్టేటప్పుడు సరిగ్గా అలాగే చేతులు చాపేవాడు, పక్కన ఆడుకుంటున్న నాకు మోచెయ్యి తగిలేది. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ జట్టును జనం ప్రేమగా "కాబ్లర్స్" అని పిలుస్తారు, చెప్పులు కుట్టేవాళ్లు అని. మా ఊళ్లో ఆ పని పేరు చెప్పి మా నాయనను బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ సాయంత్రం అక్కడి మ్యూజియంలో వందల ఏళ్ల బూట్లు అద్దాల వెనక పెట్టి ఉంటే చాలాసేపు నిలబడిపోయాను.

కుట్టును కంటితో పోల్చుకోవాలంటే, ముందు ఇన్‌సోల్ మీద వేళ్లు పెట్టి ముందుకు జరపండి. అరికాలు ఆనే చోట వరసగా కుట్టు తగిలిందంటే అది బ్లేక్ కుట్టు. అమెరికాలో 1858లో పేటెంటు పొందిన మిషను పేరు మీద వచ్చింది. ఇన్‌సోల్ నుంచి అట్ట దాకా నేరుగా ఒకే కుట్టు. బూటు పల్చగా, తేలిగ్గా, వంగేలా ఉంటుంది, ఇటలీ వాళ్లకు ఇష్టం. కానీ తడి రోడ్డు మీద నీళ్లు ఆ కుట్టు వెంబడే లోపలికి ఎక్కుతాయి, మన వానాకాలానికి సరిపడదు. లోపల కుట్టు తగలకపోతే బయట వెల్ట్ మీద గోటి పరీక్ష చెయ్యండి. నిజమైన దారం గోటికి మెలికలుగా తగులుతుంది, ప్రతి కుట్టు మధ్య తోలు కొంచెం ఉబ్బి ఉంటుంది. పోతపోసినది అద్దంలా ఒకే తీరు. నేను చూసిన మంచి జోళ్లలో వెల్ట్ కుట్టు అంగుళానికి 8 నుంచి 12 దాకా ఉండేవి. అట్ట కింద కుట్టు కనబడకపోతే కంగారుపడొద్దు, తోలు అంచును కత్తితో చీల్చి, కుట్టు లోపల దాచి, మూత మూసేస్తారు. అట్ట అంచున సన్నటి గీతలా ఆ చీలిక కనబడుతుంది.

చేతి వెల్ట్‌కూ గుడ్‌ఇయర్‌కూ తేడా మాత్రం బయట్నుంచి ఖాయంగా తేల్చడం కష్టం. అరికాలి వంపు దగ్గర అట్ట ఎంత సన్నగా లోపలికి పోయిందో చూడండి. మిషను చెయ్యి అంత లోతుకు పోలేదు, అక్కడ నడుంలా బాగా సన్నబడి ఉంటే చేతి పనికి మంచి గుర్తు. ఇంకా అనుమానముంటే అట్ట వెయ్యకముందు తీసిన ఫొటో చూపించమనండి. చేత్తో చేసేవాడికి ఆ ఫొటో గర్వకారణం, అడక్కముందే ఫోన్లో తీసి చూపిస్తాడు.

తోలు

తోలు ఎలా కోస్తారో తెలిస్తే దాన్ని ఎక్కడ చూడాలో తెలుస్తుంది. దూడ తోలు బల్ల మీద పరిస్తే నడుం మీది భాగం బిగుతుగా, ఒత్తుగా ఉంటుంది. మెడ దగ్గర ముడతలు, పొట్ట దగ్గర వదులు. బూటు ముందుభాగం నడుం తోలులోంచే రావాలి, అదీ మడమ నుంచి వేళ్లవైపు సాగని దిక్కులో కోయాలి. ఒక జోడుకు ఎడమ కుడి ముక్కలు పక్కపక్కనే కోస్తేనే తోలు పైపొర తీరు, రంగు కలుస్తాయి. ఒక్కో తోలులోంచి ముందుభాగాలు తక్కువే వస్తాయి కాబట్టి పొదుపు చెయ్యాలనుకున్నవాడు పొట్ట తోలును కనబడని చోట పెడతాడు. అందుకే నేను ముందు నాలుక చూస్తాను. లేసుల కింద ఉండే ఆ ముక్కను ఎవరూ చూడరని పనికిమాలిన తోలు వేస్తారు. నాలుక కూడా మంచి తోలైతే, ఆ పనివాడు మిగతా చోట్ల మోసం చెయ్యడని నా అనుభవం.

ముందుభాగాన్ని లోపలి నుంచి ఒక వేలితో ఎత్తి, పైన బొటనవేలితో మెల్లగా నొక్కండి. మంచి దూడతోలు మీద సన్నటి ముడతలు కాచిన పాల మీద మీగడ కదిలినట్టు లేస్తాయి, వేలు తీయగానే పోతాయి. తడిసిన కాగితం మడతపడ్డట్టు లావుపాటి ముడత వచ్చి అక్కడే ఉండిపోతే అది వదులు తోలు, ఆరు నెలల్లో ఆ చోట నెర్రెలు. అసలు ముడతే రాకుండా ప్లాస్టిక్ షీటు వంగినట్టు ఉంటే, పై పొరను ఇసుకకాగితంతో గీకి, రంగుపూత పోసి, అచ్చు ఒత్తిన తోలు. దాని మీద వెంట్రుక రంధ్రాలు కనబడవు, కనబడినా వరసగా ఒకే దూరంలో ఉంటాయి. అద్దంలాంటి మెరుపు ముందునుంచే ఉంటే ఎక్కువసార్లు ఈ రకమే. మంచి తోలుకు మెరుపు మీరు రుద్దుతూ పోతే వస్తుంది.

పైతోలు మందం 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లుంటే దూడతోలు బూటుకు సరిపోతుంది. లావైతే మంచిదని అనుకోవద్దు. లోపలి లైనింగ్ కూడా తోలే ఉండాలి, ఈ విషయంలో మన ఎండలకు రాజీ లేదు. సింథటిక్ లైనింగ్ ఉంటే మే నెలలో సాయంత్రానికి మేజోడు పిండుకోవాల్సిందే. మడమ వెనక లైనింగ్‌కు తోలును తిరగేసి, నూగు వైపు పైకి పెట్టారంటే పనివాడు ఆలోచించాడని అర్థం, మడమ జారదు.

బూటు మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో పట్టి నొక్కండి. గట్టిగా ఉండాలి, నొక్కుపడితే వెంటనే లేవాలి. కటుక్కుమని శబ్దం వస్తే లోపల కాగితపు అట్టముక్క పెట్టారు. రెండు వర్షాల్లో అది మెత్తబడి, మడమ పక్కకు వాలిపోతుంది.

రెండూ పక్కపక్కన

జోడును కంటికి సమానమైన ఎత్తులో బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. వెనక కుట్టు రెండింట్లోనూ నిటారుగా ఉండాలి. పై అంచు ఎత్తు రెండింటికీ ఒకటే ఉండాలి. అయితే ఒక్కో బూటులో లోపలివైపు అంచు కంటే బయటివైపు అంచు కొంచెం కిందికుండాలి. మన బయటి చీలమండ ఎముక లోపలిదాని కంటే కిందికుంటుంది కాబట్టి. రెండు వైపులా ఒకే ఎత్తులో కోసిన బూటు బయటి ఎముకను కోస్తుంది, ఎన్ని నెలలు వేసినా మెత్తబడదు. ముందు నుంచి చూస్తే టోక్యాప్, అంటే వేళ్ల మీద విడిగా కుట్టిన ముక్క, దాని గీతలు రెండూ ఒకే చోట ఉండాలి. చేతిపనిలో వెంట్రుకవాసి తేడా వస్తే నేను పట్టించుకోను, వేలిమందం తేడా వస్తే వెనక్కి పంపేవాణ్ణి. తర్వాత హీలు మూలను వేలితో నొక్కి చూడండి, బూటు ఊగకూడదు. వేళ్లవైపు కొస బల్ల నుంచి కొంచెం పైకి లేచి ఉండటం తప్పు కాదు, గట్టి తోలు అట్టకు ఆ ఎత్తు లేకపోతే నడకలో కొస నేలను గీస్తుంది.

కొత్త బూటు కిర్రుమంటే భయపడొద్దు. మన పాత ఊళ్లలో పెద్ద రైతులు కిర్రు చెప్పులు కావాలని చేయించుకునేవారు, ఆయన వస్తున్నట్టు వీధికి తెలిసేలా. బూటులో ఆ శబ్దం పొరలు రాసుకోవడం వల్ల వస్తుంది, చాలాసార్లు కొన్నాళ్ల నడకతో తగ్గుతుంది.

పాదానికి సరిపోవడం

ఇంతవరకూ చెప్పిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎంత గొప్ప తోలైనా, ఎవరు కుట్టినా, కాలికి సరిపడకపోతే అది మీ బూటు కాదు.

ముందు కొలత. సాయంత్రం కొలవండి, పగలంతా నిలబడ్డ పాదం పొద్దుటి కంటే కొంచెం పెరిగి ఉంటుంది. రెండు కాళ్లూ కాగితం మీద పెట్టి, బరువు సమానంగా వేసి నిలబడండి. వేరేవాళ్లు పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీయాలి. కూర్చొని మీరే గీసుకుంటే పాదం పొట్టిగా వస్తుంది. తర్వాత టేపుతో మూడు చుట్టుకొలతలు తీయండి. బొటనవేలి కణుపు, చిటికెనవేలి కణుపు కలిపి ముందుపాదం చుట్టూ ఒకటి. పాదం మధ్య సన్నబడిన చోట ఒకటి. మడమ వెనక నుంచి మీగాలి మీదుగా ఒకటి. రెండు కాళ్లకూ విడివిడిగా తీయండి, రెండూ సమానంగా ఉన్నవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. పెద్ద కాలికి కొని, చిన్న కాలికి లోపల సన్నటి తోలు పొర వేయించుకోవాలి.

సైజు నంబరు ఒక అంచనా మాత్రమే. ఇంగ్లీషు సైజుకూ సైజుకూ తేడా అంగుళంలో మూడోవంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ సైజుకు సైజుకు 6.67 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఎక్కడా సరిగ్గా కలవవు, అందుకే పట్టికలో చూసి మార్చుకున్న సైజు కొన్నిసార్లు కాలిని నొక్కుతుంది. దానికి తోడు వెడల్పు, దాన్ని ఇ, ఎఫ్, జి లాంటి అక్షరాలతో చెప్తారు. చాలా ఇంగ్లీషు కంపెనీలకు ఇ గానీ ఎఫ్ గానీ మామూలు వెడల్పు. చిన్నప్పుడు ఒట్టికాళ్లతో, చెప్పులతో పెరిగిన మనవాళ్ల పాదం ముందుభాగం బాగా విచ్చుకుని ఉంటుంది, మీగాలు కూడా చాలామందికి ఎత్తే. వెడల్పు చాలదని వాళ్లు ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు పొడవు ఎక్కువై, బూటు వంగే చోటు, పాదం వంగే చోటు వేరైపోతాయి. నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ. పొడవు పెంచకండి, అదే సైజులో వెడల్పు పెంచండి.

వేసుకున్నాక మొదట చూడాల్సింది బొటనవేలు కాదు, దాని కింది కణుపు. బూటు లోపలివైపు అంచు అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోట ఆ కణుపు కూర్చోవాలి. బొటనవేలితో వెతికి పట్టుకోండి. అది కలిసిందంటే అరికాలి వంపు కూడా బూటు వంపుతో కలుస్తుంది. అప్పుడు వేళ్ల ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉందా చూసుకోండి, కొస సన్నటి బూటుకు ఇంకొంచెం ఎక్కువ. వేళ్లు లోపల పియానో వాయించినట్టు పైకీ కిందికీ ఆడాలి.

లేసులు కట్టండి. ఆక్స్‌ఫర్డ్ రకంలో, అంటే లేసుల బెజ్జాల ముక్కలు కింద మూసుకుపోయి ఉండే రకంలో, కొత్తప్పుడు ఆ రెండు ముక్కల మధ్య కింద సన్నగా, పైన వెడల్పుగా సందు ఉండాలి, పైన 6 నుంచి 10 మిల్లీమీటర్లు. కొత్తప్పుడే పూర్తిగా మూసుకుపోతే అది మీకు పెద్దది. తోలు కొంచెం సాగి, ఇన్‌సోల్‌కూ అట్టకూ మధ్య నింపిన కార్క్ మీ అరికాలికి తగ్గట్టు అణిగాక లేసులు ఎంత బిగించినా కాలు ఆడుతుంది. సందు బాగా తెరుచుకొని నాలుక అంతా కనబడుతుంటే మీగాలికి చాలడం లేదు.

"వాడుతూ ఉంటే సాగుతుంది సార్" అని షాపులో అంటారు. వెడల్పు వైపు కొంచెం సాగుతుంది, నిజమే. పొడవు ఒక్క చుక్క సాగదు. వేళ్ల కొసలు తగులుతుంటే ఆ బూటు అక్కడే వదిలేయండి.

పది అడుగులు నడిచి అద్దంలో చూడండి. ముందుభాగం మీద అడ్డంగా, సన్నగా రెండు మూడు ముడతలు వస్తే సరి. ఐమూలగా లోతైన ముడత వస్తే లోపల ఖాళీ ఎక్కువ, లేదా కణుపు తప్పు చోట ఉంది. చీలమండ కింద రెండు వైపులా అంచు నోరు తెరుచుకొని కనబడితే మీ మీగాలికి లాస్టు కుదరలేదు. మడమ కొత్తలో వెంట్రుకవాసి లేవడం పర్వాలేదు, తోలు అట్ట వంగడం నేర్చుకున్నాక తగ్గుతుంది. మేజోడు మీద రాసుకునేంత లేస్తే తగ్గదు. షాపులో మెట్లుంటే ఒకసారి ఎక్కి దిగండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి కొసకు తగులుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఎలాంటిది ఎంచుకోవాలి

నల్లటి టోక్యాప్ ఆక్స్‌ఫర్డ్ కోర్టుకు, బ్యాంకు మీటింగుకు, సూటు వేసే ఏ చోటికైనా సరిపోతుంది. కానీ మన పాదాలకు డెర్బీ ఎక్కువగా కుదురుతుంది. అందులో లేసుల ముక్కలు ముందుభాగం మీద విడిగా కుట్టి ఉంటాయి, కింద నుంచి తెరుచుకుంటాయి, మీగాలు ఎత్తున్నా నొక్కదు. మీగాలు ఎత్తున్న మనిషి ఆక్స్‌ఫర్డ్ కోసం పట్టుబట్టి బాధపడితే నాకు మనసొప్పదు. బెజ్జాల అలంకారమున్న బ్రోగ్ కొంటుంటే ప్రతి బెజ్జం అంచు శుభ్రంగా తెగిందా, పోగులు లేచాయా అన్నది మాత్రం దగ్గరగా చూడండి.

బూటు కొస ఆకారం మీ ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు ఉండాలి. పొట్టి మనిషికి పొడుగాటి సూదికొస బూటు పాదాన్ని పడవలా చూపిస్తుంది. బాదంగింజ ఆకారంలో కొంచెం గుండ్రంగా ఉన్నది ఎవరికైనా నప్పుతుంది. ప్యాంటు అడుగు వెడల్పు కూడా చూసుకోండి, బిగుతు ప్యాంటు కింద లావుపాటి అట్ట బూటు బరువుగా కనబడుతుంది.

ఇంకో సంగతి, పెళ్లికి కొనేవాళ్లు తప్పక ఆలోచించాలి. మన పెళ్లిలో వరుడు, వాళ్ల అన్నదమ్ములు బూట్లు పూటకు పదిసార్లు విప్పుతారు. మండపం ఎక్కేముందు, గుళ్లోకి పోయేముందు, పెద్దలకు మొక్కేముందు. లేసులు విప్పే ఓపిక ఉండదు, మడమ తొక్కి దూరుస్తారు. అలా ఇరవైసార్లు చేస్తే మడమ వెనక గట్టి ముక్క విరిగిపోతుంది, ఎంత మంచి జోడైనా తిరిగి నిలబడదు. పెళ్లికి లోఫర్లు గానీ, ఒక బకిల్ తీస్తే తెరుచుకునే మాంక్ స్ట్రాప్ గానీ తీసుకోండి. లోఫరుకు లేసు లేదు కాబట్టి కొత్తప్పుడు కొంచెం బిగుతుగానే ఉండాలి. ఏది కొన్నా జేబులో చిన్న షూహార్న్, అంటే మడమ దూర్చుకునే చెంచాలాంటిది, పెట్టుకోండి. ఇది చెప్తే మా ఇంట్లో అందరూ నవ్వారు, పెళ్లిరోజు మా బావ కూడా దాన్నే అడిగి తీసుకున్నాడు.

పోషణ గురించి రెండు మాటలే. ఒకరోజు వేసినది మర్నాడు వెయ్యకండి, లోపలి చెమట ఆరడానికి ఒక రోజు కావాలి. తడిస్తే పాత న్యూస్‌పేపరు దూర్చి నీడలో ఆరబెట్టండి, పొయ్యి దగ్గరా ఎండలోనూ కాదు. చెన్నై, విశాఖ, నెల్లూరు లాంటి తేమ ఊళ్లలో వానాకాలం డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది, గాలి తగిలే చోట కొయ్య షూట్రీలు, అంటే బూటు లోపల పెట్టే పాదం ఆకారపు కొయ్యలు, వేసి ఉంచండి.

కొత్త జోడుతో మొదటిసారే బయటికి పోకండి. ఇంట్లో చాప మీద రోజుకు అరగంట, వారం పాటు తిరగండి. అట్ట అరగదు, గీత పడదు, సరిపోకపోతే వెనక్కివ్వొచ్చు. మా మేనల్లుడు శ్రావణంలో రెండో జోడు చేయించుకున్నాడు. ఈసారి కాగితం మీద పాదాలు నేనే గీశాను. వాడి కుడి కాలు ఎడమ దానికంటే 4 మిల్లీమీటర్లు పొడవు, అంటే ఇంగ్లీషు లెక్కలో దాదాపు అర సైజు, ఇన్నాళ్లూ వాడికి తెలియదు. ముదురు గోధుమరంగు డెర్బీ, వెడల్పు జి, నాలుకతో సహా ఒకే దూడతోలు. చాప మీద అటూ ఇటూ నడుస్తూ "మామా, వేళ్లు ఆడుతున్నాయి" అన్నాడు. వారం తర్వాత సాయంత్రం మేజోళ్లు విప్పమని పాదం చూశాను. చిటికెనవేలి మీద ఎర్రగీత లేదు.